పొద్దున ఒక పఫ్, మాపున ఒక పఫ్

పాప ఛాతీలో పిల్లికూతలు మొదట విన్నది మా అత్తమ్మ. పాపకు అప్పటికి ఆరు నెలలు నిండాయేమో. స్నానానికి ముందు నూనె రాస్తూ రాస్తూ ఆమె చేయి ఆగింది. పాపను బోర్లా తిప్పి, వీపుకు చెవి ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది.

"గీ పిల్ల లోపల ఏదో కూస్తున్నది బిడ్డా. ఇటొచ్చి ఇను," అంది.

నేను బడికి బయలుదేరే హడావిడిలో ఉన్నాను. టిఫిన్ డబ్బా చేతిలోనే పట్టుకుని వంగి విన్నాను. తలుపు సందులోంచి గాలి దూరుతున్నట్టు సన్నటి చప్పుడు. ఊపిరి వదిలినప్పుడల్లా వస్తోంది. పాప మాత్రం మా ఇద్దరినీ చూసి నవ్వుతోంది. జలుబు చేసిందిలే అనుకున్నాను. బస్సు టైమైంది, వెళ్లిపోయాను.

వేములపల్లి దగ్గర ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్‌ని నేను. ఇల్లు మిర్యాలగూడలో, కిరాయికి. మా ఆయనకు కోదాడ సబ్‌స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ. అక్కడే ఒక గది తీసుకుని ఉండేవాడు, ఆఫ్ దొరికినప్పుడు వచ్చేవాడు. అత్తమ్మది సూర్యాపేట. ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేసి రిటైరైంది. మామయ్య చనిపోయి చాలా ఏళ్లయింది. నా ప్రసూతి సెలవు అయిపోగానే, పాపను చూసుకోవడానికి తన ఇంటికి తాళం వేసి, ఒక సంచిలో బట్టలు, ఇంకో సంచిలో బైబిలు, కళ్లద్దాలు పెట్టుకుని మా దగ్గరికి వచ్చేసింది.

ఆ సాయంత్రానికి పాపకు ఎగపోత మొదలైంది. ఆటోలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. నెబులైజర్ పెట్టారు. మాస్కులోంచి తెల్లటి పొగ వస్తుంటే పాప గుక్కపట్టి ఏడ్చింది. సిరప్‌లు రాసిచ్చారు. కొన్ని రోజులకు తగ్గింది. తగ్గిందని ఊపిరి పీల్చుకునేలోపే మళ్లీ జలుబు, మళ్లీ అదే కూత.

ఆ చలికాలమంతా అంతే. మా ఇల్లు రైస్‌మిల్లులకు దగ్గర. కోతలు మొదలయ్యాక వడ్ల ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా లైను కట్టేవి. ఊక దుమ్ము కిటికీ ఊచల మీద, ఆరేసిన పాప గుడ్డల మీద సన్నగా పేరుకునేది. తడిగుడ్డతో తుడిచి చేయి కడుక్కుని వచ్చేసరికి మళ్లీ ఉండేది. అత్తమ్మ కిటికీలకు పాత చీరలు తడిపి కట్టింది. ఇల్లు చీకటైంది కానీ పాప కూత ఆగలేదు.

బడిలో మా హెడ్మాస్టర్ మంచివాడే. సెలవు అడగడానికి వెళితే నా మొహం చూసి, "మళ్లీనా మేడం?" అనేవాడు. ఆ మాటలో విసుగు లేదు. కానీ ఆ 'మళ్లీ' వినడానికే నాకు భయంగా ఉండేది. పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తూ మధ్యలో ఎక్కడ ఆగానో మర్చిపోయేదాన్ని. వాళ్లే అందించేవాళ్లు.

మా ఆయన కోదాడ నుంచి ఫోన్ చేసి, "ఫోన్ పాప ఛాతి దగ్గర పెట్టు, నేను వింట," అనేవాడు. పెట్టేదాన్ని. అవతల ట్రాన్స్‌ఫార్మర్ల రొద. కాసేపు విని, "నాకు ఏ సప్పుడు పాపదో, ఏది గీ మిషన్లదో తెలుస్తలేదు," అని పెట్టేసేవాడు.

చివరికి మిర్యాలగూడ డాక్టరే అన్నాడు, ఇన్నిసార్లు రావడం మామూలు జలుబు కాదు, సూర్యాపేటలో ఒక స్పెషలిస్టుకు చూపించండి అని. మా ఆయన సెలవు పెట్టుకుని వచ్చాడు. నలుగురం వెళ్లాం.

ఆ డాక్టరమ్మకు యాభై ఏళ్లు ఉంటాయి. మెల్లగా మాట్లాడుతుంది. పాలు తాగేటప్పుడు పొలమారుతుందా, బరువు పెరుగుతుందా, ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా, పొయ్యి ఏం వాడతారు, ఒక్కొక్కటీ అడిగింది. ఎక్స్‌రే తీయించింది. తర్వాత, "మీ ఇండ్లల్ల ఎవరికన్న దమ్ము, ఆయాసం ఉన్నదా?" అంది.

"మా ఇంట్ల ఎవ్వరికి లేదు మేడం," అంది అత్తమ్మ వెంటనే. కాసేపాగి, "మా ఆయనకు ఉండె. బీడీలకు వచ్చిందనుకున్నం. సిన్నప్పటి సంది ఉండెనట," అంది.

డాక్టరమ్మ తల ఊపింది. పాప ఊపిరి గొట్టాలు లోపల వాచి ఉన్నాయని, జలుబు తగలగానే అవి బిగుసుకుపోతున్నాయని చెప్పింది. "నెబులైజర్ పెడితే అప్పటికప్పుడు తెరుచుకుంటయి. లోపలి వాపు అట్లనే ఉంటది. పీల్చే స్టెరాయిడ్ మందు రోజూ ఇచ్చి చూద్దాం. పొద్దున ఒక పఫ్, మాపున ఒక పఫ్. ఇంత చిన్న పిల్లల్ల అందరికీ పనిచెయ్యదు, ముందే చెప్తున్న. రెండు నెలలు చూద్దాం. పనిచేస్తే ఉంచుదాం, లేకుంటే ఆపేద్దాం."

స్టెరాయిడ్ అన్న మాట దగ్గరే మేం ముగ్గురం ఆగిపోయాం.

"గింత పిల్లకు స్టెరాయిడా మేడం?" అన్నాడు మా ఆయన.

"తాగే మందుతో పోలిస్తే శానా తక్కువ. సీదా ఊపిరితిత్తులకే పోతది."

"మరి పిల్ల ఎదుగుతదా?" అత్తమ్మ అడిగింది.

"ఎత్తు మీద జరంత తేడా పడొచ్చు. అందుకే వచ్చినప్పుడల్లా ఎత్తు, బరువు నేనే చూస్త. ఊపిరాడక పిల్ల తిండి తినకున్న ఎదగదు కదమ్మా."

డాక్టరమ్మ ఒక ప్లాస్టిక్ గొట్టం తీసి చూపించింది. లావుగా, నీళ్ల సీసా అంత ఉంది. ఒక చివర పాప ముక్కూ నోరూ కప్పే మెత్తటి మాస్కు, రెండో చివర మందు డబ్బా గుచ్చే రంధ్రం. డబ్బా నొక్కితే మందు గొట్టంలో నిలుస్తుంది, పాప ఐదారుసార్లు ఊపిరి తీస్తే లోపలికి పోతుంది. తర్వాత పాప మొహం, నోరు తడిగుడ్డతో తుడవాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. ఆయాసం ఎక్కువైనప్పుడు ఇవ్వడానికి ఇంకో డబ్బా, నీలం రంగుది, ఇచ్చింది. అది వేరు, ఇది వేరు అని రెండు మూడుసార్లు చెప్పింది.

బయటికొచ్చాక మా ఆయన నాతో మెల్లగా అన్నాడు: "గీ మందు పంపు సంగతి ఎవ్వరికి చెప్పకు. ఆడపిల్ల, దమ్ము పిల్ల అని పేరు పడ్తది." పాపకు ఇంకా పళ్లు రాలేదు. నేను సరేనన్నాను. వాదించే ఓపిక ఆ రోజుల్లో నాకు దేనికీ ఉండేది కాదు.

మొదటి రోజులు తలచుకుంటే ఇప్పటికీ భుజాలు నొప్పి పుడతాయి. మాస్కు దగ్గరికి తెస్తే చాలు పాప విల్లులా వంగిపోయేది. అత్తమ్మ చేతులు పట్టుకుంటే నేను తల పట్టుకుని మాస్కు అదిమేదాన్ని. పాప లోపల కేకలు పెడుతుంటే ప్లాస్టిక్ గొట్టం మసకబారేది. అయ్యాక బుగ్గల మీద గుండ్రంగా ఎర్రటి అచ్చు. అత్తమ్మ ఆ అచ్చు మీద వేలితో రాసి రాసి, "ఇది మందా, శిక్షా?" అని తనలో తాను అనుకునేది. నేను జుట్టు సరిచేసుకుని బస్టాండుకు నడిచేదాన్ని. సాయంత్రం మళ్లీ అదే.

మళ్లీ చూపించడానికి వెళ్లినప్పుడు, ఎలా ఇస్తున్నారో చేసి చూపించమంది డాక్టరమ్మ. చూపించాం. పాప గది అదిరేలా ఏడ్చింది.

"ఇట్ల ఏడుస్తున్నప్పుడు ఇస్తే మందు గొంతు దగ్గర్నే ఆగిపోతది. లోపలికి శానా తక్కువ పోతది. ముందు పిల్ల నిమ్మళంగ ఉండాలె," అంది.

అంటే మేం ఇన్నాళ్లూ పాపతో కుస్తీ పట్టి ఇచ్చిందంతా చాలావరకు గాలికే పోయింది. నాకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు. ఆ కుర్చీలోంచి లేవాలనిపించలేదు, అంతే.

దారి కనిపెట్టింది అత్తమ్మ. ఇంటికొచ్చాక మందు డబ్బా పక్కన పెట్టేసి, ఉత్త గొట్టం తీసుకుని మాస్కు తన మొహానికే పెట్టుకుంది. అందులోంచి చర్చిలో పాడే పాట ఒకటి కూనిరాగం తీసింది. కుండలోంచి వచ్చినట్టు వింత గొంతు. పాప పాకడం ఆపి చూసింది. కాసేపటికి వచ్చి ఆ మాస్కు లాక్కుంది, నాకింది, నేలకేసి కొట్టింది. మూడు రోజులో నాలుగు రోజులో అదే ఆట. ఆ తర్వాత అత్తమ్మ తన మొహానికి ఒకసారి, పాప మొహానికి ఒకసారి పెట్టేది. ఒక పొద్దున పాట మధ్యలో మందు డబ్బా గుచ్చి నొక్కాను. పాప కళ్లు పెద్దవి చేసి ఊపిరి తీసింది. గొట్టంలో మాస్కు దగ్గరున్న పల్చటి రబ్బరు మూత ఊపిరి ఊపిరికీ కదిలింది. అత్తమ్మ పాట ఆపలేదు.

మందు పనిచేస్తోందని తెలియడానికి చాలా రోజులు పట్టింది. ఒకసారి పాపకు జలుబు చేసింది, ముక్కు కారింది, తగ్గిపోయింది. తగ్గిపోయిన తర్వాత గాని నాకు తట్టలేదు, ఈసారి ఎగపోత రాలేదని. అత్తమ్మతో అంటే, "అవును గదా," అని పాప వీపుకు చెవి పెట్టి మళ్లీ వింది.

అప్పుడు వచ్చింది నాకు సర్వే డ్యూటీ. ఒంటిపూట బడి అయ్యాక ఇల్లిల్లూ తిరగాలి, ఇంటికొచ్చేసరికి చీకటి పడేది. అత్తమ్మ ఒక్కతే ఆ ఇంట్లో పొద్దంతా ఉండలేక, "నేను పిల్లను సూర్యాపేటకు తీస్కపోత. గాడ నాకు తోడుంటరు. నీ డ్యూటీ అయినంక రా," అంది. సరేనన్నాను. పాప లేని ఇంట్లో మొదటి సాయంత్రం నేను తిండి కూడా తినకుండా పడుకున్నాను. సిగ్గుగా ఉన్నా చెప్తున్నాను, హాయిగా అనిపించింది.

రోజూ ఫోన్ చేసేదాన్ని. "మందు ఇచ్చిన్రా అత్తమ్మా?" అంటే "ఆ, అయ్యింది," అనేది. పాప నవ్వు వినిపించేది. పెట్టేసేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఒక ఇంటి అరుగు మీద కూర్చుని వివరాలు రాసుకుంటుంటే మా ఆయన ఫోన్. ఆ రోజు ఆయనకు ఆఫ్, సూర్యాపేటలోనే ఉన్నాడు. "పాప డొక్కలెగరేస్తున్నది. పెదవులు రంగు మారినయి. దవాఖానకు పట్కపోతున్నం, నువ్వు రా," అన్నాడు. ఆ ఇంటావిడ నీళ్లు తెచ్చిచ్చింది. తాగానో లేదో గుర్తులేదు. రెండు బస్సులు మారి సూర్యాపేటకు చేరేసరికి పొద్దు వాలింది.

పాపకు ఆక్సిజన్ పెట్టారు. చేతికి సూది, కట్టు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంటలు పడుతున్నాయి. అత్తమ్మ ఇనుప కుర్చీలో కూర్చుని ఉంది. కాళ్లకు రెండు చెప్పులూ రెండు రకాలు. ఒకటి తనది, ఒకటి పక్కింటివాళ్లది.

డాక్టరమ్మ వచ్చి అడిగింది: "రోజూ మందు ఇస్తున్నరు కద?"

"ఇస్తున్నం మేడం," అన్నాను.

"లేదు మేడం," అంది అత్తమ్మ. "నేను ఆపిన. పిల్ల మంచిగ ఆడుకుంటున్నది, ఇగ ఎందుకు అనుకున్న. చర్చిల ఒకామె చెప్పింది, స్టెరాయిడ్ వాడితే పిల్ల పొట్టిగ ఉండిపోతదని. నాకు బుగులైంది. కోడలికి అబద్ధం చెప్పిన."

ఎవరూ అడగకముందే, ఎవరి వైపూ చూడకుండా, మొత్తం చెప్పేసింది. మా ఆయన మొహం ఎర్రబడింది. "నీకేం తెలుసని ఆపినవే అమ్మా? డాక్టర్‌వా నువ్వు?" అన్నాడు. వార్డులో అందరూ ఇటు తిరిగారు.

"నువ్వు బయటికి పోయి చాయ్ తాగి రా," అన్నాను నేను. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. ఆయన వెళ్లాడు.

డాక్టరమ్మ అత్తమ్మను తిట్టలేదు. "ఆపకుండ ఉండాల్సింది. కానీ ఆపినందుకే వచ్చిందని కూడ నేను చెప్పలేను. ఇప్పుడు ఊరంత జలుబులే ఉన్నయి. మందు వాడుతున్న పిల్లలు కూడ వచ్చిన్రు నా దగ్గరికి. ఇంకోసారి భయమైతే నాకు ఫోన్ చెయ్యి, అమ్మా. ఆపేముందు చెయ్యి," అంది.

ఎవరినైనా తప్పుపడితే నాకు కొంచెం బలం వచ్చేదేమో. అది కూడా లేకుండా పోయింది.

మర్నాడు పాప కాస్త తేరుకుంది. ఆక్సిజన్ తీసేశారు. మంచం పక్కన నేనూ అత్తమ్మా కూర్చున్నాం.

"నన్ను తిట్టు బిడ్డా," అంది.

"తిట్టేంత ఓపిక లేదత్తమ్మా."

"హాస్టల్ల ఎంతమంది పిల్లలకు వండి పెట్టిన. ఒక్క పిల్లకు కడుపునొప్పి రాలే నా చేతి తిండితోని. నా మనవరాలికే గిట్ల చేసిన."

ఆమె చేయి తీసుకుని పాప కాలి మీద పెట్టాను. పాప కాలు ఆడించింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాను.

పాపను మిర్యాలగూడ ఇంటికి తెచ్చిన తర్వాత అత్తమ్మ చాలా మారిపోయింది. పొద్దున చర్చి గంట కన్నా ముందు మందు. గొట్టాన్ని సబ్బు నీళ్లలో ముంచి, తుడవకుండా గాలికి ఆరబెట్టేది. నేను తొందరలో చున్నీతో తుడవబోతే, "తుడవొద్దన్నది గదా డాక్టరమ్మ, మందు గొట్టానికే అంటుకుంటది," అని లాక్కునేది. మేం మిల్లులకు దూరంగా, ఊరి అవతల ఇంకో ఇల్లు చూసుకున్నాం. దుమ్ము తగ్గింది. ఇల్లు మారినందుకు పాప బాగుపడిందో, మందుకో, వయసుకో ఎవరు చెప్పగలరు.

ఎండాకాలం సెలవుల్లో కోదాడ వెళ్లి మా ఆయన గదిలో ఉన్నాం. వరండా అందరిదీ. సాయంత్రాలు వాటాల్లో ఉన్న ఆడవాళ్లంతా అక్కడే కూర్చునేవాళ్లు. మందు టైముకు ఆయన తలుపు వేసేవాడు. ఒక సాయంత్రం కరెంటు పోయింది. గదిలో ఉక్క, పాప చిరచిరలాడుతోంది. ఆయన కాసేపు చూసి, పాపను ఎత్తుకుని, గొట్టం పట్టుకుని వరండాలోకి నడిచాడు. అందరి మధ్య నేలమీద కూర్చుని, పాపను ఒళ్లో పెట్టుకుని, మాస్కు తన మొహానికి పెట్టుకుని వాళ్ల అమ్మ పాట అందుకున్నాడు. ఆయనకు శ్రుతి లేదు. పాప నవ్వింది.

పక్క వాటా ఆవిడ, "అదేంటండీ, ఇంత చిన్నపిల్లకి పంపు అలవాటు చేశారు? ఒకసారి మొదలెడితే ఇక జీవితాంతం మానలేరంటగా," అంది.

"అలవాటు కాదమ్మా, మందు," అన్నాడు ఆయన. "పిల్లకు దమ్ము వస్తది. మా నాయినకు ఉండె. ఆయనకు ఇది దొరకలే."

అని పాప మొహం తడిగుడ్డతో తుడిచాడు. ఆవిడ కాసేపయ్యాక తన మామగారి ఆయాసం సంగతి చెప్పడం మొదలుపెట్టింది. నేను గది గుమ్మంలో నిలబడి విన్నాను. ఇన్నాళ్లూ పాపకేమైందని ఎవరు అడిగినా ఏదో ఒకటి నేనే చెప్పుకోవాల్సి వచ్చేది. ఆ సాయంత్రం ఒక్కమాట కూడా మాట్లాడాల్సిన అవసరం రాలేదు.

ఆ తర్వాత ఒక వానాకాలం, ఒక చలికాలం గడిచాయి. రెండుసార్లు నీలం డబ్బా కావాల్సి వచ్చింది. దవాఖానలో చేర్చాల్సిన పని పడలేదు. పాప నడిచింది, పరిగెత్తింది, మాటలు వచ్చాయి. మాస్కు తానే తెచ్చి బొమ్మ మొహానికి పెట్టేది. ఎత్తు, బరువు డాక్టరమ్మ ప్రతిసారీ చూసేది. తన వయసు పిల్లల్లో మధ్యరకంగా ఉందనేది. ముందు మందు మోతాదు తగ్గించింది. మొన్నటి ఎండాకాలంలో, "ఇగ ఆపి చూద్దాం," అంది.

నేను మాట్లాడేలోపే అత్తమ్మ అందుకుంది. "ఇంకొన్నాళ్లు ఇస్తే ఏమైతది మేడం? మంచిగనే ఉన్నది గదా దాంతోని."

డాక్టరమ్మ నవ్వింది. "మంచిగున్నది కాబట్టే ఆపుతున్నం అమ్మా. అవసరం లేని మందు ఎందుకు?"

"మళ్లీ రాదు కదా మేడం?" అన్నాను.

"రావచ్చు, రాకపోవచ్చు. కొందరు పిల్లలకు పెద్దగయినంక పోతది, కొందరికి ఉంటది. ఈ మందు ఇన్నాళ్లు ఆయాసాన్ని ఆపింది. రేపు ఆస్తమా రాకుండ ఆపుతదని నేను చెప్పలేను. వస్తే మళ్లీ మొదలుపెడదాం. మీకు ఇప్పుడు తెలుసు కద ఎట్ల ఇయ్యాల్నో."

అవును, తెలుసు.

అత్తమ్మ సూర్యాపేటలోనే ఆగిపోయింది, తన ఇల్లు శుభ్రం చేసుకుంటానంది. బస్టాండు దాకా వచ్చి పాపకు ఒక బిస్కెట్ పొట్లం కొనిచ్చి, బస్సు కదిలేదాకా కిటికీ కింద నిలబడింది. నేనూ పాపా మిర్యాలగూడ బస్సులో కూర్చున్నాం. కిటికీలోంచి వేడిగాలి కొడుతోంది. నాట్లకు ముందు పొలాలు ఎండి తెల్లగా ఉన్నాయి. నీలం డబ్బా సంచిలో ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకున్నాను. సంతోషంగా ఉండాలి కదా అనుకున్నాను. ఇంటికెళ్లాక ఉతకాల్సిన బట్టలు గుర్తొచ్చాయి. ఆ తర్వాత ఏమీ గుర్తులేదు.

"మేడం, మిర్యాలగూడ వచ్చింది. దిగుతరా?" కండక్టర్ నా భుజం పక్కన సీటు మీద తట్టి లేపింది.

బస్సు ఖాళీగా ఉంది. ఎప్పుడు ఆగిందో తెలియదు. పట్టపగలు అంతమంది మధ్య నేను అంత మొద్దు నిద్ర పోయి ఎన్నాళ్లయిందో. పాప నా ఒళ్లోనే ఉంది. తను నిద్రపోలేదు. నన్ను లేపకుండా, ఒళ్లంతా బిస్కెట్ పొడి చేసుకుని, కిటికీలోంచి బస్టాండు చూస్తోంది. నేను లేచి సంచి భుజానికి వేసుకున్నాను. పాప తాను నడుస్తానని దిగింది. మెట్టు ఎత్తుగా ఉంటే కండక్టర్ చేయి అందించింది.